గుడిసె దగ్గరే ఆగిపోయిన జీవితకథ

2021 ఫిబ్రవరి 14న దామోదరం సంజీవయ్య శతజయంతి. ఆ వారం ఆయన గురించి వ్యాసం రాయని వాళ్ళు తక్కువ. నేనూ రాశాను. అందరిలాగే గుడిసెతో మొదలుపెట్టాను.

ఆ కథ మీకు వాట్సాప్‌లో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ముఖ్యమంత్రి బాగా వెనకేసుకున్నాడని ఎవరో ఢిల్లీకి ఫిర్యాదు చేస్తారు. నిజానిజాలు చూసి రమ్మని పార్టీ ఒక పెద్దమనిషిని పంపిస్తుంది. ఆయన కారు కర్నూలు దగ్గర పెద్దపాడులో ఆగుతుంది. ఒక గుడిసె ముందు ముసలామె కట్టెల పొయ్యి ఊదుకుంటూ కుండలో అన్నం వండుతుంటుంది. ఆమే ముఖ్యమంత్రి తల్లి. వచ్చినాయన మాట్లాడకుండా వెనక్కి తిరుగుతాడు. వచ్చినాయన పేరు, ఆయన అడిగిన మాట, ఆయన కళ్ళలో తిరిగిన నీళ్ళు కథనాన్ని బట్టి మారుతుంటాయి. పొయ్యి మాత్రం ఎక్కడా మారదు.

నా వ్యాసం బాగానే నడిచింది. షేర్లు, కామెంట్లు, దండం పెట్టే ఎమోజీలు. కొన్నాళ్ళకి ఆదోని వెళ్ళినప్పుడు, ఎమ్మిగనూరులో నాకు మామ వరసయ్యే ఒక పెద్దాయన్ని చూడ్డానికి పోయాను. నేతపని మానేసి చాలా ఏళ్ళయింది ఆయన. నా వ్యాసం ఎవరో ఫోన్‌లో చదివి వినిపించారట.

"బాగా రాసినావులేప్పా. గుడిసె, పొయ్యి, కుండ, అన్నీ వచ్చినాయి" అన్నాడు. కాసేపు ఆగి, "ఆయప్ప మాకు ఎమ్మెల్యే గదప్పా. ఆ మాట యాడ రాసినావు?" అన్నాడు.

ఎక్కడా రాయలేదు. ఎందుకంటే నాకు తెలీదు. ఎమ్మిగనూరుకి ముప్పై కిలోమీటర్ల లోపు ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు, దేశంలో మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి ఆ పదవిలో ఉన్నంతకాలం శాసనసభలో ఎమ్మిగనూరు ప్రతినిధిగా కూర్చున్నాడన్న సంగతి తెలీదు. ఆయన తల్లి ఏ పొయ్యి మీద వండేదో మాత్రం తెలుసు.

ఈ వ్యాసం ఆ పాత వ్యాసం మీద విమర్శ. నా ఒక్కడి వ్యాసం మీదే అనుకోకండి. సంజీవయ్య గురించి మనం రాసే పద్ధతి మొత్తం మీద.

*

ముందు కాస్త చైనా దాకా వెళ్ళొస్తాను.

ఆ మధ్య చైనా నాయకుల అధికారిక జీవిత వివరాలు వరసగా చదివాను. షిన్హువా వార్తాసంస్థ పద్ధతిలో అదొక సాహిత్య ప్రక్రియ అని చెప్పొచ్చు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎక్కడ, ఏ పదవి. అంతే. విశేషణం ఒక్కటీ ఉండదు. షీ జిన్‌పింగ్ తీసుకోండి. 1969 నుంచి షాన్షీ రాష్ట్రంలోని లియాంగ్జియాహె అనే పల్లె. 1974లో పార్టీ సభ్యత్వం. 1975 నుంచి 79 దాకా చింగ్‌హువా యూనివర్సిటీ. 1982లో ఝెంగ్‌డింగ్ కౌంటీకి పార్టీ ఉప కార్యదర్శి, మరుసటేడు కార్యదర్శి. 1985లో షియామెన్ నగరానికి వైస్ మేయర్. తర్వాత నింగ్‌డె, ఫుఝౌ, ఫుజియాన్ రాష్ట్ర గవర్నర్, 2002లో ఝెజియాంగ్, 2007లో షాంఘై, అదే ఏడాది అక్టోబర్లో పొలిట్‌బ్యూరో స్టాండింగ్ కమిటీ. 2012 నవంబర్లో పార్టీ ప్రధాన కార్యదర్శి. చదువుతుంటే మనిషి నడిచినట్టుండదు, మెట్లే ఆయన్ని ఎక్కించుకుపోయినట్టుంటుంది. ఎవరు పంపారు, ఎవరిని దాటి పంపారు, ఆయన ఏం కోరుకున్నాడు, ఇవేవీ ఆ కాగితంలోకి రావు. ఆశపడటం అనే క్రియాపదాన్ని భాషలోంచే తీసేసినట్టుంటుంది.

కానీ ఇంత పొడి కాగితానికి కూడా ఒక గుడిసె కావాలి. షీకి అది లియాంగ్జియాహెలో కొండని తొలిచి కట్టుకున్న గుహ ఇల్లు. పదిహేనేళ్ళ కుర్రాడిగా అక్కడికెళ్ళి ఏడేళ్ళు ఉన్నాడు. ఆ ఏడేళ్ళ మీద 2017లో పార్టీ సెంట్రల్ స్కూల్ వాళ్ళు ఇంటర్వ్యూలతో ఒక పుస్తకమే వేశారు. రెండొందల జిన్‌లు, అంటే వంద కిలోల గోధుమలు భుజాన వేసుకుని కొండదారిలో నడిచేవాడినని ఆయనే చెప్పుకున్నాడు. (వంద కిలోల మూట మోసేవాళ్ళని చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు, ఆదోని మార్కెట్ యార్డుకి వస్తే చాలు. వాళ్ళలో ఎవరూ ప్రధాన కార్యదర్శి కాలేదు.)

ఆ గుహకి, మన గుడిసెకి మధ్య ఒక తేడా ఉంది. షీ తండ్రి షీ ఝోంగ్‌షున్ ఒకప్పుడు ఉపప్రధాని. కొడుకు ఆ గుహలోకి పై నుంచి దిగివచ్చాడు. కాబట్టి ఆ కథలో గుహ ఒక అధ్యాయం మాత్రమే. గుహ తర్వాత కౌంటీ ఉంది, నగరం ఉంది, రాష్ట్రం ఉంది. గుహలో నేర్చుకున్నది అక్కడ వాడాడని చూపించడానికే ఆ అధ్యాయం. సంజీవయ్యని రాసేటప్పుడు మనం గుడిసెని ఒక అధ్యాయంగా రాయం. మొదటి పేజీలో గుడిసె ఉంటుంది, ముఖ్యమంత్రి అయినప్పుడు గుడిసె ఉంటుంది, పోయినప్పుడు కూడా గుడిసే ఉంటుంది. మధ్యలో ఆయన చేసిందంతా ఆ గుడిసెకి కట్టిన పందిరిలా కనిపిస్తుంది.

*

షిన్హువా వాళ్ళ పద్ధతిలోనే ఒకసారి సంజీవయ్యని రాసి చూశాను. విశేషణాలు, కన్నీళ్ళు తీసేసి.

1921లో పెద్దపాడులో పుట్టుక. అనంతపురం కాలేజీలో బి.ఏ. మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం. 1950లో అడ్వకేట్. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడు. 1952లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి, అప్పటికి వయసు 31. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం మంత్రివర్గంలో మంత్రి. తర్వాత బెజవాడ గోపాలరెడ్డి దగ్గర, ఆంధ్రప్రదేశ్ వచ్చాక నీలం సంజీవరెడ్డి దగ్గర మంత్రి. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి. 1962లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక, ఉపాధి శాఖ. తర్వాత ఇందిర దగ్గర పరిశ్రమల శాఖ, మళ్ళీ కార్మిక శాఖ. 1971లో మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్షుడు. 1972 మే నెలలో మరణం. వయసు 51.

ఇప్పుడు ఇంకోసారి నెమ్మదిగా చదవండి. రాజాజీ, ప్రకాశం, గోపాలరెడ్డి, సంజీవరెడ్డి. ఈ నలుగురికీ ఒకరంటే ఒకరికి పెద్దగా పడేది కాదు. వాళ్ళ మనుషులకి అసలే పడేది కాదు. ఒక ముఖ్యమంత్రి దిగినప్పుడల్లా ఆయన మనుషులు బయటికి పోవడం, కొత్త మనుషులు లోపలికి రావడం అప్పటి రివాజు. ఎనిమిదేళ్ళలో మూడు రాష్ట్రాల పేర్లు మారాయి, మద్రాసు నుంచి కర్నూలుకి, కర్నూలు నుంచి హైదరాబాదుకి రాజధానులు మారాయి. సంజీవయ్య మాత్రం ప్రతి మంత్రివర్గంలోనూ ఉన్నాడు. వెనక భూముల్లేవు, బంధుబలగం లేదు, జిల్లాలో ముఠా లేదు. దీన్ని నిజాయితీ అంటారా? నిజాయితీ ఉంటే ఉండొచ్చు. కానీ నిజాయితీ ఒక్కటే మనిషిని నలుగురు ముఖ్యమంత్రుల దగ్గర నిలబెట్టదు. దానికి వేరే పేరుంది. రాజకీయం తెలియడం.

రెడ్డి నాయకుడి విషయంలో ఈ మాట వాడటానికి మనకి ఏ ఇబ్బందీ ఉండదు. ఎత్తులు, పైఎత్తులు, చాణక్యం, చక్రం తిప్పడం. నిఘంటువు మొత్తం సిద్ధంగా ఉంటుంది. సంజీవయ్య దగ్గరికొచ్చేసరికి అదే నిఘంటువు మూతపడి, నిరాడంబరుడు, నిష్కళంకుడు, సౌమ్యుడు అనే మూడు మాటలు మిగులుతాయి. నా వ్యాసంలో 'సౌమ్యుడు' నాలుగుసార్లు వచ్చింది. లెక్కపెట్టుకున్నాను.

*

మా మామ మాట తీసుకుని ఎమ్మిగనూరు సంగతి వెతుక్కుంటూ పోయాను. అక్కడే నాకు అసలు కథ దొరికింది.

1955 ఎన్నికల్లో ఎమ్మిగనూరు ద్విసభ్య నియోజకవర్గం. ఇప్పటి కుర్రాళ్ళకి ఇది వింతగా ఉంటుంది కాబట్టి కొంచెం చెప్తాను. రిజర్వుడు స్థానాలని విడిగా గుర్తించే బదులు, కొన్ని పెద్ద నియోజకవర్గాలకి ఇద్దరేసి సభ్యుల్ని పెట్టేవాళ్ళు. ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు. ఆ ఏడాది ఎమ్మిగనూరు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన ఇద్దరు దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఇద్దరికీ వయసులో ఆరు నెలల తేడా. ఇద్దరూ కర్నూలు జిల్లావాళ్ళే. ఇద్దరూ ముఖ్యమంత్రులయ్యారు. సంజీవయ్య 1960లో. కోట్ల 1982లో ఒకసారి, 1992లో ఇంకోసారి.

ఒకే ఎన్నిక, ఒకే పార్టీ, ఒకే మట్టి రోడ్ల మీద ఇద్దరూ కలిసి ఓట్లడిగారు. ఆ ఎన్నికకి ఏడాదిన్నర ముందే, 1953 అక్టోబర్ 1న, ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రలోకి వచ్చింది. ఆలూరు, రాయదుర్గం కూడా దాంతోపాటే వచ్చాయి. సగం మాటల్లో కన్నడం కలిసే ఊళ్ళు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం పుణ్యమా అని ఎమ్మిగనూరు పేరు అప్పటికే దేశమంతా తెలుసు, ఆయనకి 1954లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇలాంటి చోటికి పెద్దపాడు నుంచి ఒక లాయరు వచ్చి, రెండు ఓట్లలో ఒకటి నాకెయ్యండి అని అడిగాడు. మా మామ అప్పుడు చిన్నపిల్లాడు. ఆయనకి గుర్తున్నది ఒక్కటే. "ఇద్దురూ వచ్చినారు. ఒకాయన్ని రెడ్డి అనిరి. ఇంకొకాయన్ని మంత్రి అనిరి."

ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1955లో ఆ జోడీలో పెద్ద రాజకీయ నాయకుడు సంజీవయ్య. అప్పటికే రెండు ప్రభుత్వాల్లో మంత్రిగా చేసినవాడు. కోట్ల శాసనసభలోకి అప్పుడే అడుగు పెడుతున్నాడు. ఇప్పుడు జిల్లాలో ఎవరినైనా అడిగి చూడండి, కోట్లని 'పెద్దాయన' అంటారు. ఆయన గ్రూపు గురించి, కేఈ కుటుంబంతో పోటీ గురించి, ఎవరిని ఎప్పుడు పైకి తెచ్చాడో, ఎవరిని ఎక్కడ ఆపాడో గంటలకొద్దీ చెప్తారు. 1993లో సారా నిషేధం పెట్టిన సంగతి చెప్తారు. కొడుకు 2024లో డోన్ నుంచి గెలిచాడు కాబట్టి కథ ఇంకా నడుస్తూనే ఉంది. సంజీవయ్య గురించి అడిగితే మంచోడు అంటారు. ఇద్దరి మధ్య తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఒకరికి చరిత్ర ఉంది, ఇంకొకరికి సర్టిఫికెట్ ఉంది.

1961లో చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాల్ని రద్దు చేశారు. ఎమ్మిగనూరు జనరల్ స్థానమైంది. 1962 ఎన్నికల్లో సంజీవయ్య కోడుమూరు వెళ్ళారు. పదవిలో ఉన్న ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం వదిలి పోవాల్సి రావడం చిన్న సంగతేం కాదు. శతజయంతి వ్యాసాల్లో నాకిది ఎక్కడా కనిపించలేదు. బహుశా దాంట్లో కన్నీళ్ళకి చోటు లేకపోవడం వల్లేమో.

*

ముఖ్యమంత్రిగా ఉన్న రెండేళ్ళ రెండు నెలల్ని మనం ఎలా రాస్తామో చూడండి.

పింఛను కథ ఉంది. నెలనెలా కొంత డబ్బు పంపుతానని కొడుకంటే, నాకు నువ్వున్నావు సరే, ఊళ్ళో తక్కిన ముసలివాళ్ళ గతేమిటని తల్లి అడిగిందనీ, వృద్ధాప్య పింఛను అందులోంచి పుట్టిందనీ. వినడానికి చాలా బాగుంటుంది. కానీ అప్పటికే ఉత్తరప్రదేశ్ 1957లో వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. 1960లో కేరళ, మన రాష్ట్రం అందుకున్నాయి. అంటే వేరే రాష్ట్రాల్లో ఏం జరుగుతోందో గమనించి, ఖజానాలో డబ్బులు చూసుకుని, అధికారుల్ని ఒప్పించి, మంత్రివర్గంలో గట్టెక్కించిన ఒక పాలనా నిర్ణయం అది. దేశంలో అందరికంటే ముందు ఆ పని చేసిన మూడు నాలుగు ప్రభుత్వాల్లో ఆయనది ఒకటి. దాన్ని తల్లీకొడుకుల మాటగా మార్చేసినప్పుడు తల్లి గొప్పదైంది, కొడుకు మంచివాడయ్యాడు, ముఖ్యమంత్రి మాత్రం మాయమయ్యాడు.

ఇంకొకటి, అవినీతి నిరోధక శాఖ. 1961 జనవరిలో పెట్టారు. మన వ్యాసాల్లో ఇది ఆయన నిజాయితీకి రుజువుగా వస్తుంది. ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుని ఆలోచించండి. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీ వెళ్తే, వర్గాల మధ్య రాజీ అభ్యర్థిగా పదవి వచ్చింది. చుట్టూ ఉన్న మంత్రుల్లో సగం మంది ఆ పదవి తమకి రావాల్సిందని అనుకున్నవాళ్ళు. సొంత పార్టీలో అసమ్మతి మొదటి రోజు నుంచీ ఉంది. అలాంటివాడు ఏడాది తిరక్కుండా, ఎవరి మీదైనా విచారణ చేయగల శాఖని ప్రభుత్వం చేతికి తెచ్చాడు. దీన్ని సౌమ్యం అనడానికి నాకు నోరు రావట్లేదు. బలం లేనివాడు బలం కూడగట్టుకున్న తీరు అది. అందులో ఆదర్శం లేదని అనట్లేదు. ఆదర్శానికి, అవసరానికి ఒకేచోట ముడి వేయగలిగినవాడినే కదా మనం రాజకీయవేత్త అంటాం.

ఆరు లక్షల ఎకరాల బంజరు పంచారని ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. నాదాంట్లోనూ ఉంది. ఆ వాక్యం చివర చుక్క పెట్టి అందరం తర్వాతి పేరాకి వెళ్ళిపోయాం. బంజరు పంచడమంటే ఏంటో పల్లెలో పెరిగిన వాళ్ళకి తెలుసు. కాగితం మీద బంజరు, పొలంలో ఎవరో పెద్దమనిషి సాగు. పట్టా చేతికిచ్చాక పొలంలోకి దిగడానికి ఇంకో పోరాటం. ఆ ఎకరాల వెనక ఎంతమంది కరణాలు, ఎంతమంది మునసబులు, ఎన్ని ఊళ్ళలో ఎన్ని తగువులు ఉండి ఉండాలి. అది నవలకి సరిపోయే సరుకు. మనం దాన్ని అంకెగా మార్చి దండం పెట్టేశాం.

ఇక 1962. శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కి 300 స్థానాల్లో 177 వచ్చాయి. ముఖ్యమంత్రిగా ఉండి పార్టీని గెలిపించుకొచ్చినవాడు మళ్ళీ ముఖ్యమంత్రి కావాలి. మార్చి 12న ప్రమాణం చేసింది నీలం సంజీవరెడ్డి. ఢిల్లీలో కాంగ్రెస్ అధ్యక్ష పదవి వదిలేసి ఆయన హైదరాబాదు వచ్చారు. ఆయన ఖాళీ చేసిన ఢిల్లీ కుర్చీలోకి, అదే ఏడాది, సంజీవయ్య వెళ్ళారు. ఇద్దరు మనుషులు కుర్చీలు మార్చుకున్నారు. మన వ్యాసాల్లో ఇది ఎలా వస్తుందో తెలుసా? 'కాంగ్రెస్ పార్టీకి అధ్యక్షుడైన తొలి దళితుడు' అని. మాట నిజమే, గొప్ప విషయమే. కానీ ఆ మాట వెనక గెలిచిన ముఖ్యమంత్రిని ఎందుకు దించారన్న ప్రశ్న దాక్కుని ఉంది. చైనా కాగితంలోనైతే '1962, కేంద్రానికి బదిలీ' అని ఉండేది. వాళ్ళ దగ్గర ప్రశ్న అడగనివ్వరు, సరే. మనకేమైంది? అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆంధ్రప్రదేశ్‌లో గానీ, తర్వాత వచ్చిన తెలంగాణలో గానీ, ఇంకో దళిత ముఖ్యమంత్రి లేడు. ఆ మార్చి నెలని తిరగేసి చూడకుండా ఈ అరవై ఏళ్ళ ఖాళీని ఎలా అర్థం చేసుకుంటాం?

*

ఇంతవరకు చదివి కొందరు ఒక మాట అడగొచ్చు. పేదరికం కథలు అందరికీ ఉన్నాయి కదా, ప్రకాశం పంతులు చివరి రోజుల గురించి చెప్పుకోమా అని. చెప్పుకుంటాం. కానీ ప్రకాశం కథలో ముందు సైమన్ కమిషన్ ఊరేగింపులో తుపాకీకి ఎదురొడ్డిన ఛాతీ ఉంది, లక్షలు సంపాదించిన బారిస్టరు ఉన్నాడు, మొండివాడు, కోపిష్టి, తప్పులు చేసినవాడు ఉన్నాడు. ఆయన పేదరికం కథ చివర్లో వస్తుంది, ఆయన వదులుకున్న దానికి లెక్కలా. సంజీవయ్యకి మనం మొండితనం ఇవ్వలేదు, కోపం ఇవ్వలేదు, తప్పు కూడా ఇవ్వలేదు. తప్పు చేసే హక్కు లేని మనిషిని పాత్ర అనగలమా? కథలు రాసేవాళ్ళు చెప్పండి.

అలాగని ఆ గుడిసె కథని తీసిపారెయ్యమని కూడా అనలేను. సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతలకి అమ్మానాన్నలు పోతే హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. కోసిగిలో, పెద్దకడుబూరులో, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో. అలాంటి పిల్లాడికి ఆ కట్టెల పొయ్యి ముందు తన అవ్వ కనిపిస్తుంది. ఆ కథకి ఉన్న బలం నాకు తెలుసు, నా వ్యాసానికి వచ్చిన కామెంట్లలో అలాంటివాళ్ళే ఎక్కువ. కానీ ఆ పిల్లాడికి మనం సగం కథే ఇస్తున్నాం. గుడిసె నుంచి వచ్చినవాడు మంచివాడుగా ఉండొచ్చు అని చెప్తున్నాం. గుడిసె నుంచి వచ్చినవాడు నలుగురు ముఖ్యమంత్రుల్ని చూసి, ఐదోవాడై, తన మాట వినని మంత్రులతో పని చేయించుకోవచ్చు అని చెప్పట్లేదు.

కేంద్రంలో ఆయన చేసిన పని మీద తెలుగులో దాదాపు ఏమీ లేదు. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చినప్పుడు కార్మిక మంత్రి ఆయనే. ఇరవై మంది పనిచేసే చోట, లాభం వచ్చినా రాకపోయినా, జీతంలో కనీసం నాలుగు శాతం బోనస్ ఇచ్చి తీరాలని ఆ చట్టం. గరిష్ఠం ఇరవై శాతం. దాని ముందు ఏళ్ళకేళ్ళు యజమానులకి, యూనియన్లకి మధ్య కోర్టులు, కమిషన్లు నడిచాయి. బోనస్ యజమాని దయ అన్న వాదనకి, అది కూలిలో బాకీ అన్న వాదనకి మధ్య గీసిన గీత ఆ చట్టం. ఆదోని జిన్నింగు మిల్లుల్లో, నూనె మిల్లుల్లో పనిచేసినవాళ్ళకి 'బోనస్' తెలుగు మాటే. ఆ మాట పక్కన సంజీవయ్య పేరు రాసిన వ్యాసం ఒక్కటి చూపించండి. 1970లో ఆయన ఇంగ్లీషులో 'లేబర్ ప్రాబ్లమ్స్ అండ్ ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ ఇన్ ఇండియా' అని ఒక పుస్తకం కూడా రాశారు. రెండుసార్లు కార్మిక మంత్రిగా చేసిన తెలుగువాడు తన శాఖ గురించి స్వయంగా పుస్తకం రాస్తే, యాభై ఏళ్ళలో తెలుగు సాహిత్య పత్రికల్లో దాని మీద ఒక సమీక్ష నా కళ్ళబడలేదు. తల్లి పొయ్యి గురించి చదివినంత శ్రద్ధగా కొడుకు పుస్తకాన్ని చదవలేదు మనం. నేనూ చదవలేదు. ఆ వ్యాసం రాసేనాటికి ఆ పుస్తకం ఉందనే తెలీదు.

పేర్లకేం తక్కువ లేదు. విశాఖలో లా యూనివర్సిటీ ఉంది, హుసేన్‌సాగర్ పక్కన పార్కు ఉంది, కృష్ణపట్నంలో కరెంటు కేంద్రం ఉంది, 2008లో తపాలా బిళ్ళ వచ్చింది. మా వైపు గోనెగండ్ల దగ్గర హంద్రీ నది మీద ప్రాజెక్టుకి కూడా సంజీవయ్య సాగర్ అని పేరు. ఎవరూ అలా పిలవరు. గాజులదిన్నె ప్రాజెక్టు, పొట్టిగా జీడీపీ. పేపర్లో 'జీడీపీకి తగ్గిన ఇన్‌ఫ్లో' అని హెడ్డింగు చూసి మా రూమ్మేట్ ఒకడు దేశం ఏమైపోతోందోనని కంగారుపడ్డాడు. చైనాలో కింది నాయకుల్ని పైకి ఎక్కించేటప్పుడు వాళ్ళ ప్రాంతం జీడీపీ ఎంత పెరిగిందో చూస్తారని ఆర్థికవేత్తలు చాలా పరిశోధనే చేశారు, దానికి 'ప్రమోషన్ టోర్నమెంట్' అని పేరు కూడా పెట్టారు. మా జీడీపీతో పైకెక్కినవాళ్ళు ఎవరూ లేరు. నీళ్ళు మాత్రం కర్నూలు దాకా పోతాయి.

*

పోయిన నెల ఈ వ్యాసం చిత్తుప్రతి పట్టుకుని మళ్ళీ మామ దగ్గరికి పోయాను. చదివి వినిపించాను. జీడీపీ దగ్గర నవ్వాడు. బోనస్ దగ్గర, "సొసైటీలో మాకూ ఇస్తుండ్రి" అన్నాడు. కోడుమూరు దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. ఆ సంగతి ఆయనకీ తెలీదట.

"ఈ తూరి గుడిసె ల్యాదా?" అని అడిగాడు చివర్లో.

"ఉంది మామా. మొదట్లోనే."

"ఉండనీలే" అని, పక్కనున్న మనవడితో, "వాళ్ళవ్వ పేరు సుంకులమ్మ. అది రాసినాడా చూడు" అన్నాడు.

రాయలేదు. రెండు వ్యాసాల్లోనూ.